పట్టీలు కోసిన రోజు

ఓమారులో జూన్ అంటే దక్షిణపు గాలి.
సముద్రం మీంచి తిన్నగా మా చెత్త కేంద్రం షెడ్డులోకే వస్తుంది,
దానికి వేరే పనేమీ లేనట్టు.
ఇనుము ఒక తొట్టిలో, అట్టలు ఒక తొట్టిలో వేస్తూ
పదకొండేళ్లుగా ఈ గాలితో వేగుతున్నాను.

శనివారం ఎల్స్‌పెత్ వచ్చింది.
కారు వెనక తలుపు తీసి
పిల్లల సీటొకటి రెండు చేతులా ఎత్తి తెచ్చింది,
అందులో ఇంకా ఎవరో నిద్రపోతున్నట్టు.

"చిన్న గుద్దుడే," అంది. "వంతెన దగ్గర. బంపరు సొట్టపోయింది.
పిల్లాడు ఏడవను కూడా లేదు.
నేనే ఏడ్చాను. రోడ్డు పక్కన, అరగంట."

సీటు చూస్తే ముచ్చటగా ఉంది.
బూడిదరంగు గుడ్డ, ఎర్రటి బొత్తాం,
మరక లేదు, మాసిక లేదు.
బోర్లా తిప్పాను.
మనుషులకు నుదుటి మీద రాసి ఉంటుందంటారు.
వీటికి అడుగున అచ్చుపోస్తారు,
పుట్టిన నెల, పోవాల్సిన నెల.
దీనికింకా మూడేళ్లుంది.
కానీ దెబ్బ తిన్నాక రాసిన ఆయుష్షు లెక్కలోకి రాదు.
నురగ లోపల వెంట్రుకంత పగులు
ఉందో లేదో నాకు తెలియదు, ఎల్స్‌పెత్‌కి తెలియదు.
రెండోసారి గుద్దుకున్నప్పుడు మాత్రమే తెలుస్తుంది.

వరసలో వెనక ఫెలెటి.
మాంసం ఫ్యాక్టరీలో రాత్రి పాళీ దిగి
పాత పరుపు పారేయడానికి వచ్చాడు, కళ్లింకా ఎర్రగానే.
"అది నాకిచ్చెయ్యకూడదా?" అన్నాడు.
"ఆగస్టులో మాకు ఇంకొకరు వస్తున్నారు.
కొత్తది ఎంతో చూశాను. చూసి, కొట్లోంచి బయటికొచ్చేశాను."

ఎల్స్‌పెత్ నా వైపు చూసింది.
నేను సీటు వైపు చూశాను.
అపాత్రదానం అంటారే,
ఇక్కడ పుచ్చుకునేవాడు పాత్రుడే,
ఇచ్చే చెయ్యీ మంచిదే,
ఆ వస్తువే అపాత్రం.

చెప్పాను, నురగ గురించి, పగులు గురించి.
తలూపాడు గానీ నమ్మలేదు.
ఉన్నవాళ్లు లేనివాళ్లకు చెప్పే సాకుల్లో
ఇదొకటి అనుకున్నాడు. ముఖంలో కనిపించింది.
బల్ల సొరుగులోంచి వంకీ కత్తి తీశాను.

ఆ పట్టీ ఊరికే తెగదు.
తెగకుండా ఉండడానికే నేశారు దాన్ని.
రంపంలా ముందుకీ వెనక్కీ లాగితే
ఒక్కొక్క పోగే, అయిష్టంగా,
ఒక భుజానిది, రెండో భుజానిది, తర్వాత నడుముది.
తెగినప్పుడల్లా ఎల్స్‌పెత్ రెప్పలు వాల్చింది.
ఫెలెటి వాల్చలేదు.
నోటికాడి కూడు లాగేసినట్టే ఉండుంటుంది అతనికి.
నాకూ, లాగేస్తున్నది నేనే అయినట్టు.

తొడుగు ఊడదీస్తే లోపలి సంసారమంతా బయటపడింది.
మూడు ఎండుద్రాక్షలు, రాయిలా బిగుసుకున్న బిస్కెట్టు,
ఇరవై సెంట్ల బిళ్ల, ఒంటి సాక్సు,
మెడ మాత్రమే మిగిలిన జిరాఫీ.
సాక్సు ఎల్స్‌పెత్ జేబులో వేసుకుంది.
బిళ్ల ఎవరూ తీసుకోలేదు. ఇప్పటికీ నా కిటికీలో ఉంది.

నల్ల మార్కరుతో పెంకు మీద పెద్దగా రాశాను: వాడొద్దు.
మరలు ఇనుములోకి, పెంకు ప్లాస్టిక్‌లోకి.
చివర నురగను రెండు చేతులా వంచాను.
విరిగింది.
పగులు ముందే ఉందో, నా చేతుల్లో పుట్టిందో
చెప్పలేను.
ఫెలెటి వంగి, ఆ అంచుని వేలితో తడిమి చూశాడు.
అతనూ చెప్పలేకపోయాడు.

తర్వాత అతని పరుపు ముగ్గురం కలిసి దించాం.
"ఆగస్టులో ఎప్పుడు?" అని ఎల్స్‌పెత్ అడగడం విన్నాను.
అక్కణ్ణించి ఇద్దరూ కారు దగ్గర నిలబడి
ఏం మాట్లాడుకున్నారో గాలి నన్ను విననివ్వలేదు.
చాలాసేపే మాట్లాడుకున్నారు.

కోసిన పట్టీల్లో ఒకటి పారేయలేదు నేను.
గాలికి కొట్టుకునే షెడ్డు తలుపుకి
రెండు చుట్లు చుట్టి కట్టాను.
ఆ రాత్రి గాలి ఎంత లాగినా
వదల్లేదది.